పుష్యమాసంలో పియానో

పోయిన డిసెంబరులో న్యూజెర్సీలో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. అక్కడ ఆ నెలలో నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. సాయంత్రం టీ తాగడం కూడా పూర్తికాకముందే కిటికీలు నల్లబడిపోతాయి. ఆరోజు అమ్మాయి ఆఫీసు పని ముగించి, వంటకు దిగుతూ టీవీ పెట్టింది. తెర మీద ఒక గది. గోడలో ఇటుకల నిప్పుగూడు, అందులో మండుతున్న దుంగలు, పక్కన కిటికీ, కిటికీ అవతల కురుస్తున్న మంచు. వెనక మెల్లగా పియానో, బేస్, డ్రమ్స్. చలికాలానికి జాజ్, ఎనిమిది గంటలు అని రాసి ఉంది. శాలువా కప్పుకుని చాలాసేపు దానివైపే చూస్తూ కూర్చున్నాను. దుంగ మండుతోంది, తరగటం లేదు. మంచు కురుస్తోంది, కిటికీ అంచున పేరుకోవటం లేదు. పియానో ఎక్కడా మొదలవలేదు, ఎక్కడికీ చేరేట్టూ లేదు. "ఎవరే వాయిస్తున్నది?" అని అడిగాను. "ఎవరో తెలీదమ్మా, వింటర్ జాజ్ అని కొడితే వచ్చేస్తుంది" అంది ఉల్లిపాయలు తరుగుతూ. వినడానికి హాయిగానే ఉంది. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చుని అలసిపోయిన పిల్లకు ఆ హాయి కావాలి, కాదనను. కానీ అంతసేపు వినిపించిన ఆ వేళ్ళకు ఒక మనిషి పేరు లేకపోవడం నన్ను ఆ రాత్రంతా వదల్లేదు.

ఎందుకంటే నాకు జాజ్ పరిచయమైందే పేర్లతో. మా చిన్నప్పుడు విశాఖపట్నంలో మా బాబాయి దగ్గర ఒక పాత రేడియో ఉండేది. రాత్రి భోజనాలయ్యాక మఫ్లరు చుట్టుకుని వరండాలో దాని ముందు కూర్చునేవాడు. వేసవిలో, వానాకాలంలో గరగరలే తప్ప మరేమీ వినిపించేది కాదు. ఉరుములు మెరుపులు తగ్గాక, మార్గశిరం వచ్చేసరికి షార్ట్‌వేవ్ కాస్త తేటపడేది. అప్పుడు వాయిస్ ఆఫ్ అమెరికా పట్టుకునేవాడు. ముందుగా డ్యూక్ ఎలింగ్టన్ బృందం వాయించే 'టేక్ ది ఏ ట్రైన్', ఆ వెనక ఒక మగగొంతు. బరువుగా, నిదానంగా, మాటకీ మాటకీ మధ్య చోటు వదులుతూ మాట్లాడే గొంతు. ఆయన పేరు విల్లిస్ కోనోవర్. 1955 జనవరిలో ఆ కార్యక్రమం మొదలుపెట్టి, తన జీవితం చివరిదాకా నడిపాడు. ఇంగ్లీషు అంతగా రానివాళ్ళు కూడా వింటారని తెలిసి అంత నెమ్మదిగా పలికేవాడట. మాస్కోలో, వార్సాలో ఆయన కోసం రాత్రిళ్ళు మేలుకున్నవాళ్ళున్నారు. స్వదేశంలో మాత్రం ఆయన గొంతు దాదాపు ఎవరికీ తెలియదు, ఆ ప్రసారాలను అమెరికా లోపల వినిపించకూడదన్నది అప్పటి చట్టం. బాబాయి చదువు ఎస్సెస్సెల్సీతో ఆగిపోయింది. అయినా ఒక నోటుపుస్తకంలో ఆ గొంతు చెప్పిన పేర్లన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకునేవాడు. మైల్స్ డేవిస్. తెలోనియస్ మంక్. బిల్ ఎవాన్స్. పేరు తర్వాత ఏ వాయిద్యమో రాసేవాడు, ఆ తర్వాత అలల్లో కొట్టుకుపోగా మిగిలింది ఎంత విన్నాడో రాసేవాడు. 'సగం', 'ముప్పాతిక', ఎప్పుడో ఒకసారి 'మొత్తం'. నాకు జాజ్ అంటే చలికాలమని మొదట అనిపించింది ఆ వరండాలోనే అయివుండాలి. విశాఖలో చలి ఎంత గనక? సముద్రపుగాలికి చేతులు కాస్త ముడుచుకునేంత. అయినా ఆ పాటకు ఆ చలి సరిపోయేది.

మరి మిగతా లోకానికి ఎందుకు సరిపోయింది? ఎవరు జోడించారు ఈ రెండింటినీ? మంచులో పుట్టిన సంగీతం కాదిది. పుట్టిన ఊరు న్యూ ఆర్లియన్స్. చెమట, చిత్తడి, మిసిసిపీ నది, వీధి ఊరేగింపులు. ఇక జాజ్ గాయకులు ప్రతి డిసెంబరులోనూ పాడే పాటల సంగతి చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. నాట్ కింగ్ కోల్ గొంతులో లోకమంతా విన్న 'ద క్రిస్మస్ సాంగ్' పుట్టింది 1945 జూలైలో, కాలిఫోర్నియా ఎండలో. రాబర్ట్ వెల్స్ అనే రచయిత వేడికి తాళలేక, చలిని తలుచుకుంటే కాస్త చల్లబడతానేమోనని నాలుగు ముక్కలు కాగితం మీద రాసుకున్నాడు. అప్పటికి ఇరవై కూడా నిండని మెల్ టోర్మే దాన్ని చూసి పాట చేద్దామన్నాడు. గంట తిరక్కుండా పాట తయారైంది. అదే జూలైలో, అదే ఎండలో, హాలీవుడ్‌లో శామీ కాన్, జూల్ స్టైన్ కలిసి 'లెట్ ఇట్ స్నో' రాశారు. ఎల్లా ఫిట్జెరాల్డ్ క్రిస్మస్ పాటల రికార్డు న్యూయార్కులో 1960 జూలై, ఆగస్టు నెలల్లో తయారైంది. ఆ ఏడే చైకోవ్‌స్కీ 'నట్‌క్రాకర్'ను ఎలింగ్టన్, బిల్లీ స్ట్రేహార్న్ తమ బృందానికి తిరగరాసుకున్నారు. 1892 డిసెంబరులో సెయింట్ పీటర్స్‌బర్గ్ మంచులో బ్యాలేగా మొదటిసారి వేదికెక్కిన సంగీతం, లాస్ ఏంజెలస్‌లో మే, జూన్ నెలల్లో జాజ్ అయింది. అక్కడ చిరుగంటల్లో తేలిన రాగాన్ని వీళ్ళు సాక్సోఫోన్ల బొంగురు గొంతుకు ఇచ్చేశారు. నడుములు ఊగే నడక వచ్చింది దానికి. దుకాణాల వ్యాపారం, రికార్డు కంపెనీల తొందర ఇందులో ఉన్నమాట నిజమే. డిసెంబరులో అమ్మాలంటే ఎండల్లోనే పాడించాలి. కానీ నాకు ఇందులో మరొకటి కూడా కనబడుతోంది. వాళ్ళు చూస్తున్న చలిని పాడలేదు, కోరుకున్న చలిని పాడారు. అలాగైతే మంచు ముఖం ఎరగని విశాఖ వరండాకు కూడా ఆ పాటలో వాటా ఉన్నట్టే కదా?

ఈ ఊహ నాకు తృప్తినిచ్చింది, కొన్నాళ్ళే. జనవరిలో ఒక తెల్లవారుజామున లేచి చూస్తే రాత్రంతా మంచు పడి ఉంది. చూపు కన్నా ముందు చెవికి తెలిసింది ఆ సంగతి. రోజూ వినబడే రహదారి హోరు లేదు. కుక్కల అరుపు లేదు. కొత్తగా పడిన మంచులో రేకుకీ రేకుకీ మధ్య గాలి నిండి ఉంటుంది, చప్పుడు ఆ సందుల్లోకి పోయి ఇంకిపోతుంది. అందుకే ఆ నిశ్శబ్దం. చలికి ధ్వని నడక కూడా మందగిస్తుంది. ఇరవై డిగ్రీల వెచ్చదనంలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోయేది, సున్నా దగ్గర 331కి దిగుతుంది. చల్లబడిన ట్రంపెట్‌లో, సాక్సోఫోన్‌లో శ్రుతి కిందికి జారుతుంది. అందుకే చలిలోంచి లోపలికి వచ్చిన వాద్యగాడు ముందు వాయించడు, గొట్టంలోకి ఊరికే వెచ్చటి ఊపిరి ఊదుతాడు. ఆ ఉదయం కిటికీ దగ్గర నిలబడి, టీవీ పెట్టకుండా, ఫోనులో మైల్స్ డేవిస్ పాట ఒకటి సన్నగా పెట్టుకున్నాను. 1956 నాటి 'ఇట్ నెవర్ ఎంటర్డ్ మై మైండ్'. ట్రంపెట్ మూతికి లోహపు మూత బిగించి, మైకుకు బాగా దగ్గరగా పెట్టి వాయించాడు. నలుగురి ముందు మోగే వాద్యం ఒక్కరి చెవిలో చెప్పే మాటయింది. వెనక ఫిల్లీ జో జోన్స్ కర్రపుల్లలు పక్కనపెట్టి, తీగల బ్రష్షులతో డ్రమ్ము చర్మం మీద గుండ్రంగా రాస్తున్నాడు. మా అమ్మమ్మ చేటలో బియ్యం చెరిగేటప్పుడు వచ్చే చప్పుడది. మధ్య మధ్య ట్రంపెట్ ఆగుతుంది. ఆ ఖాళీలోకి బయటి మంచు నిశ్శబ్దం వచ్చి చేరింది. ఎండలో ఊహించుకున్న చలి వేరు, ఇది వేరు. కాస్త వాయించి, మిగతాది వాయించకుండా వదిలేయడం. చలికాలం ఈ పాటకు ఇచ్చింది బహుశా ఆ వదిలేసే ధైర్యమేనేమో.

అలా వదిలేసిన పాటల్లో నాకు అన్నిటికన్నా దగ్గరిది బిల్ ఎవాన్స్ 'పీస్ పీస్'. న్యూయార్కులో 1958 డిసెంబరులో రికార్డు చేశాడు. ఇరవైతొమ్మిదేళ్ళవాడు. ఆ రికార్డుకు బేస్, డ్రమ్స్ వాయించేవాళ్ళు తోడున్నారు గానీ దీనికి వాళ్ళు ఊరుకున్నారు. లెనర్డ్ బెర్న్‌స్టైన్ పాట 'సమ్ అదర్ టైమ్' వాయిద్దామని దాని ముందుమాటగా ఎడమచేత్తో రెండు స్వరగుచ్ఛాలు మొదలుపెట్టాడు. అవి ఎంత నచ్చాయంటే అసలు పాటలోకి వెళ్ళనేలేదు. ఆరున్నర నిమిషాలకు పైగా ఎడమచెయ్యి ఆ రెండింటి మధ్యే ఊగుతుంది, మారదు. కుడిచెయ్యి మొదట ఇంటి గుమ్మంలో నిలబడి, తర్వాత వాకిట్లోకి, తర్వాత వీధిలోకి నడుస్తుంది. చివరకు ఆ కిందిస్వరాలతో పొసగని దూరాలకు కూడా వెళుతుంది, పిట్టల కిచకిచలు కొన్ని, గాజు పగిలిన చప్పుళ్ళు కొన్ని. ఎడమచెయ్యి మాత్రం కంగారుపడదు. ఎదురుచూస్తూ ఉంటుంది. నాలుగు నెలల తర్వాత మైల్స్ డేవిస్ 'కైండ్ ఆఫ్ బ్లూ' రికార్డులో 'ఫ్లమెంకో స్కెచెస్' ఇదే ఊగుతో మొదలవుతుంది. మొదటిసారి విన్నప్పుడు నాకు తంబురా వినిపించింది. మారని ఆధారం ఒకటి కింద మోగుతుండగా, పైన ఒక గొంతు తాళం లేకుండా రాగాన్ని వెతుక్కుంటూ పోవడం మనకు కొత్త కాదు. ఎవాన్స్ మన ఆలాపన విని అలా వాయించాడని నేననను. నాకు తెలిసినదాన్ని నేను అక్కడ చూసుకుంటున్నానా? అయివుండొచ్చు. ఎవరికైనా దూరపు సంగీతంలోకి మొదటి అడుగు తన ఇంట్లోంచే కదా పడేది.

మన ఇంట్లో చలికాలానికి సంగీతం లేదా అంటే, నిజానికి మన ఏడాదిలో అంత పాట ఉన్న కాలం మరొకటి లేదు. ధనుర్మాసంలో గుడి మైకులోంచి తిరుప్పావై. తెల్లారకముందే తలమీద అక్షయపాత్రతో, చేతిలో చిడతలతో హరిదాసు. పేడముద్దల మీద గుమ్మడిపూలు గుచ్చి, వాటి చుట్టూ తిరుగుతూ ఆడపిల్లలు పాడే గొబ్బిపాటలు. అవతల చెన్నైలో అదే నెలలో సభలన్నీ కచేరీలతో నిండిపోతాయి. అక్కడ పాడేదాంట్లో ఎంతో భాగం తెలుగే. ఆ కృతులు రాసిన త్యాగయ్య ఆరాధన పుష్య బహుళ పంచమినాడు తిరువయ్యారులో, కావేరి గట్టున. కానీ ఒక తేడా నా చెవికి తగులుతుంది. మన చలికాలపు పాట తెల్లవారుజాముది. దుప్పటి విదిల్చుకుని లేవమని పిలుస్తుంది, వాకిట్లోకి రమ్మంటుంది. వాళ్ళది నడిరాత్రిది. వీధిలోంచి లోపలికి వచ్చి, తలుపు మూసి, తడిసిన కోటు తగిలించి కూర్చున్నవాళ్ళది. న్యూయార్కులో 'విలేజ్ వాన్‌గార్డ్' అనే పేరున్న జాజ్ క్లబ్బు 1935 నుంచీ నడుస్తోంది. అది నేలమాళిగ. సన్నటి మెట్లు దిగి వెళ్ళాలి, లోపల నూటపాతిక మందికి కూడా చోటు లేదు. మోకాళ్ళు మోకాళ్ళకు తగులుతాయి. వాద్యగాడి ఊపిరి మొదటి వరసకు వినిపిస్తుంది. ఆ ఇరుకును చలికాలం కోరి తెచ్చుకుంటుంది.

న్యూజెర్సీలో ఉన్నన్నాళ్ళూ నాకు ఒక సంగతి పదేపదే గుర్తొచ్చేది. మనవాళ్ళు వేలమంది ఉంటున్న ఎడిసన్ ఊరికి కారులో సుమారు గంట దూరంలోనే ఈ సంగీతంలో సగం చరిత్ర ఉంది. హాకెన్‌సాక్‌లో రూడీ వాన్ గెల్డర్ అని కళ్ళద్దాల డాక్టరొకాయన ఉండేవాడు. పగలు కళ్ళు పరీక్ష చేసి, తీరిక దొరికినప్పుడు అమ్మానాన్నల ఇంటి ముందుగదిలో రికార్డింగు చేసేవాడు. 1954లో క్రిస్మస్ ముందురోజు ఆ గదిలోకి మైల్స్ డేవిస్, మంక్, మిల్ట్ జాక్సన్, పెర్సీ హీత్, కెన్నీ క్లార్క్ వచ్చారు. తాను వాయించేటప్పుడు వెనక పియానో వద్దని మైల్స్ మంక్‌కు చెప్పాడు. మంక్ చిన్నవాడు కాదు, ఊరుకోవడం తేలిక కాదు. ఇద్దరూ కొట్టుకున్నారని కూడా కథలు పుట్టాయి, మైల్స్ వాటిని కొట్టిపారేశాడు. కానీ ఆ రోజు వాయించిన 'బ్యాగ్స్ గ్రూవ్' ఇవాళ విన్నా, పియానో ఉండాల్సిన చోట ఉన్న ఖాళీ స్పష్టంగా తెలుస్తుంది. పండుగ ముందురోజు, ఒకరింటి ముందుగదిలో, పట్టుదల గల ఇద్దరు మనుషుల మధ్య పుట్టిన ఖాళీ అది. ఎనిమిది గంటల వీడియోలో అలాంటిది ఎక్కడా దొరకదు. అందులో ఎవరూ ఎవరితోనూ విభేదించరు.

1959లో వాన్ గెల్డర్ ఎంగిల్‌వుడ్ క్లిఫ్స్‌లో తన సొంత స్టూడియో కట్టుకున్నాడు. ఎత్తైన చెక్క కప్పు, చర్చిని తలపించే లోపలి భాగం. అమ్మాయిని బతిమాలి ఒక ఆదివారం ఆ దారిన వెళ్ళాం. రోడ్డు నుంచి చూస్తే ఆకులు రాలిన చెట్లే. 1964 డిసెంబరు 9 సాయంత్రం జాన్ కోల్ట్రేన్ తన ముగ్గురు తోడుగాళ్ళతో అక్కడికి వచ్చి, ఒక్క పూటలో 'ఎ లవ్ సుప్రీమ్' పూర్తి చేశాడు. నాలుగు భాగాలది. చివరి భాగంలో తాను రాసుకున్న ప్రార్థనను సాక్సోఫోన్‌తో చదువుతాడు, మాట మాటకీ స్వరం కడుతూ, ఒక్క ముక్క నోటితో పలకకుండా. దాన్ని చలికాలపు సంగీతమని ఎవరూ అనరు, నిప్పుగూడు బొమ్మ పక్కన ఎవరూ పెట్టరు. కానీ నాకు డిసెంబరంటే అదే. సరిగ్గా ఏడాదికి, 1965 డిసెంబరు 9 రాత్రి, అమెరికా టీవీలో పిల్లల బొమ్మల చిత్రం 'ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్' వచ్చింది. దానికి విన్స్ గ్వరాల్డీ జాజ్ కట్టాడు. పిల్లల సినిమాకు ఈ సంగీతమేమిటని టీవీవాళ్ళు మొదట పెదవి విరిచారు. ఇప్పుడది లేకుండా అక్కడ చాలా ఇళ్ళలో పండుగ గడవదు. ఒకే తేదీకి ఈ రెండూ ఉండడం కాకతాళీయమే. నాకు మాత్రం ఈ రెండిటి మధ్యా ఉన్న దూరమే ఈ సంగీతపు అసలు విస్తీర్ణం అనిపిస్తుంది.

చలిని హాయి అని మాత్రమే అనుకునేవాళ్ళకు లీ మోర్గన్ సంగతి చెప్పాలి. ఫిలడెల్ఫియా నుంచి వచ్చిన ట్రంపెట్ వాద్యగాడు. వాన్ గెల్డర్ స్టూడియోలోనే 1963 డిసెంబరులో రికార్డు చేసిన 'ద సైడ్‌వైండర్' అతణ్ణి ఇంటింటికీ తెలిసేలా చేసింది. కొన్నేళ్ళకే మత్తుమందు అతణ్ణి వీధిలో నిలబెట్టింది. అలాంటి రోజుల్లో, గడ్డకట్టే చలిరాత్రి, కోటు కూడా లేకుండా హెలెన్ అనే ఆమె ఇంటికి వచ్చాడు. కోటు ఏదని అడిగితే తాకట్టులో ఉందన్నాడు. ఆమె వెళ్ళి విడిపించింది. అన్నం పెట్టింది, మనిషిని చేసింది, మళ్ళీ ట్రంపెట్ పట్టించింది. 1972 ఫిబ్రవరి 19 తెల్లవారకముందు, న్యూయార్కులో 'స్లగ్స్' అనే చోట, కచేరీ మధ్య విరామంలో, ఆమే అతణ్ణి కాల్చింది. బయట పెద్ద మంచు. అంబులెన్సు సమయానికి రాలేకపోయింది. ముప్పై మూడేళ్ళు అతనికి. వాళ్ళిద్దరి కథ మీద 2016లో వచ్చిన డాక్యుమెంటరీలో ఆ మంచు పడుతూనే ఉంటుంది, ఆమె గొంతు ఒక పాత క్యాసెట్టులోంచి వినిపిస్తుంది. దాన్ని చూశాక 'సైడ్‌వైండర్'లోని ఆ హుషారును నేను మునుపటిలా వినలేకపోయాను. అలా వినగలగాలా అని కూడా అడుగుతుంటాను. వాద్యగాడి చావును అతని వాద్యంలోకి లాక్కురావడం న్యాయమా? పాట పాటే, 1963లో అతనికి 1972 తెలియదు. నాకు తెలుసు. తెలిసినదాన్ని చెవి మరిచిపోదు.

చలిలో ఎదురైన కష్టాన్ని వాద్యంతోనే దాటినవాళ్ళూ ఉన్నారు. సోనీ రోలిన్స్ పేరుప్రఖ్యాతులు మిన్నంటుతున్న రోజుల్లో, 1959లో, తన వాయింపు తనకే చాలలేదని కచేరీలు మానేశాడు. ఇంట్లో సాధన చేస్తే పక్కింటి గర్భిణికి ఇబ్బందని విలియమ్స్‌బర్గ్ వంతెన ఎక్కి, నది గాలిలో, ఎండావానా చలీ చూడకుండా గంటల తరబడి సాక్సోఫోన్ ఊదాడు. 1961 చివర తిరిగొచ్చి చేసిన రికార్డుకు 'ద బ్రిడ్జ్' అనే పేరు పెట్టాడు. జర్మనీలోని కొలోన్‌లో 1975 జనవరి 24 రాత్రి కీత్ జారెట్‌కు ఎదురైంది మరొక రకం. నిద్ర లేదు, నడుంనొప్పి, పైగా అడిగిన పియానో కాకుండా చిన్నదీ పాడైపోయినదీ తెచ్చిపెట్టారు. పైస్థాయి రేకు చప్పుడు, కిందిస్థాయికి బలం లేదు. వాయించనన్నాడు. కచేరీ ఏర్పాటుచేసిన వేరా బ్రాండెస్ ఇరవై ఏళ్ళు కూడా లేని పిల్ల, వానలో నిలబడి బతిమాలింది. పదకొండున్నరకు మొదలుపెట్టి, పనిచేసే మధ్యస్వరాల్లోనే తిరుగుతూ, ఎడమచేత్తో ఒకే తిప్పును పట్టుకుని వదలకుండా, అప్పటికప్పుడు కల్పించుకుంటూ వాయించాడు. ఒంటరి పియానో రికార్డుల్లో ఆ కచేరీ రికార్డంత అమ్ముడుపోయింది మరొకటి లేదు. ఎవాన్స్ కోరి ఎడమచేతిని కట్టేసుకున్నాడు, జారెట్‌ను పాడుపియానో కట్టేసింది.

ఇక అసలైన చలిదేశాల వాళ్ళు. నార్వే సాక్సోఫోనిస్ట్ యాన్ గార్బారెక్ పద్నాలుగేళ్ళప్పుడు రేడియోలో కోల్ట్రేన్‌ను విని వాద్యం పట్టాడు. 1976 డిసెంబరులో ఓస్లోలో అతను చేసిన 'దిస్' రికార్డులో, మనిషి చెయ్యి తగలకుండా గాలికే మోగే తీగవాద్యం ఒకటి వినిపిస్తుంది. సముద్రపుగాలి తంబురా వేస్తుంటే ఇతను పాడతాడు. అంతకన్నా నన్ను కదిలించింది స్వీడన్ పియానిస్ట్ యాన్ యోహాన్సన్. పల్లెల్లో వినిపించే స్వీడిష్ జానపద బాణీలు సేకరించి అచ్చేసిన పుస్తకాల్లోంచి కొన్నిటిని ఏరుకుని, గియోర్గ్ రీడెల్ బేస్ తోడుగా, అతి తక్కువ స్వరాలతో వాయించాడు. 1964లో వచ్చిన ఆ 'జాజ్ పో స్వెన్‌స్కా' స్వీడన్‌లో ఇప్పటిదాకా అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన జాజ్ రికార్డు. అందులో పాటను ఎక్కడా అలంకరించలేదు. ముసలమ్మ ఎవరో పాడుతుంటే విని, ఆమె ఆగినచోట తనూ ఆగినట్టుంటుంది. అమెరికా సంగీతాన్ని నేర్చుకుని దాంతో తన ఊరి పాటను వినడం నేర్చుకున్నాడు. 1968 నవంబరులో, ఒక చర్చిలో కచేరీకి వెళుతూ కారు ప్రమాదంలో పోయాడు. ముప్పై ఏడేళ్ళే.

ఆ రికార్డు విన్నప్పుడల్లా నాకు మన గొబ్బిపాటలు గుర్తొస్తాయి. ఇది అభిమానం కొద్దీ అంటున్న మాట కాదు. ఆ పాటల్లో ఉన్నవి నాలుగైదు స్వరాలే, ఒకే తిప్పు, మళ్ళీ మళ్ళీ. 'పీస్ పీస్'లో ఎవాన్స్ ఎడమచెయ్యి చేసే పని అంతకన్నా ఎక్కువేం కాదు. మనవాళ్ళు జాజ్ వేదిక ఎక్కలేరన్న సందేహం ఎవరికైనా ఉంటే, పాలకొల్లు కుర్రాడు యు. శ్రీనివాస్ మాండొలిన్ పట్టుకుని 1983లో, మీసాలైనా రాని వయసులో, పశ్చిమ బెర్లిన్ జాజ్ ఉత్సవంలో వాయించాడని గుర్తుచేసుకోవాలి. తర్వాత జాన్ మెక్‌లాఫ్లిన్‌తో ఏళ్ళ తరబడి దేశదేశాలూ తిరిగాడు. 2014లో నలభై ఐదేళ్ళకే వెళ్ళిపోయాడు. అతను తీసుకెళ్ళింది మన శాస్త్రీయ సంగీతాన్ని. పల్లెపాట అలా వెళ్ళడం నేనింకా వినలేదు. మనకు పండుగపాట అంటే ఇప్పుడు డప్పుల హోరు, కీబోర్డు మోత, పెద్ద స్పీకరు. ఆ పాట ఒకప్పుడు ముగ్గు ముందు, వేకువచలిలో, పదిమంది గొంతుల్లో ఎంత తక్కువ చప్పుడుతో బతికిందో వినడానికి అవకాశమే ఉండడం లేదు.

హైదరాబాదులో, విశాఖలో, ఎడిసన్‌లో కూడా పియానో నేర్చుకుంటున్న తెలుగు పిల్లలున్నారు. బేస్ గిటారు వాయించేవాళ్ళున్నారు. మీకు నా మనవి ఇది. అమ్మమ్మనో నాయనమ్మనో కూర్చోబెట్టి, ఆమెకు గుర్తున్న గొబ్బిపాట ఒకటి పాడించుకోండి. ఆమె ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, ఎక్కడ మాట మరిచిపోయి ఆగుతుందో అవి కూడా గుర్తుపెట్టుకోండి. యోహాన్సన్ రికార్డు ఒకసారి, 'పీస్ పీస్' ఒకసారి మొదటినుంచి చివరిదాకా వినండి. తర్వాత ఆ పాటను పియానో, బేస్ మాత్రమే పెట్టుకుని, ఆమె పాడినంత నిదానంగా వాయించండి. వచ్చే ధనుర్మాసానికల్లా ఒక్క పాటైనా రికార్డు చేయండి.